మూడు వరుసల మహారథానికి మంగళాశాసనం

జయ జయ సప్తాసన సార్వభౌమా! గాజు గోడల షోరూములో, కళ్లు చెదిరే దీపాల నడుమ, పట్టు ముసుగు కప్పుకుని కొలువుదీరిన కుటుంబ వాహన కులతిలకమా! ఏడుగురికి చోటిస్తానని మాటిచ్చి, ఆ మాటను సీట్ల లెక్కలో అక్షరాలా నిలబెట్టుకున్న సత్యసంధమా! నీకు శుభం, నీ బానెట్టుకు శుభం, ఆ బానెట్టు వెనక ఆసీనుడై లోకాన్ని పైనుంచి కిందికి చూసే నీ యజమానికి మరింత శుభం. పుష్పక విమానంలో ఎందరెక్కినా ఇంకొకరికి చోటు మిగిలి ఉండేదని మన పెద్దలు చెప్పుకునేవారు. పాపం, దాన్ని చేసినవాడికి చోటు పెంచడం ఒక్కటే తెలుసు. రెండు నిలువుల పైచిలుకు పొడవు, ఏనుగంత ఎత్తు, పది మందికి సరిపడా ఇనుము పోగేసి, అందులో కుదురుగా కూర్చునే భాగ్యాన్ని నలుగురికే పరిమితం చేయగల సూక్ష్మశిల్పం నీ స్థపతులకు మాత్రమే అబ్బింది.

నీ వంశం మాత్రం సామాన్యమైనదా! 1994లో అవతరించిన టాటా సుమో వెనక బల్లల మీద పెళ్లివారు ఎదురెదురుగా కూర్చుని, తోవ పొడుగునా ఒకరి వంటను ఒకరు వెక్కిరించుకుంటూ వెళ్లేవారు. మన సీమ కక్షల సినిమాల్లో అదే సుమో గాల్లోకి లేచి, పల్టీలు కొట్టి, తెలుగు ప్రేక్షకుల గుండెల్లో దిగింది. తర్వాత 2000లో క్వాలిస్ వచ్చింది, 2005లో దాని గద్దె మీదికి ఇన్నోవా ఎక్కింది. ఆ ముసలి రథాలకు నీ అంత నాజూకు లేదు, నీ అంత మెరుపు లేదు. వెనకాల కూర్చున్నవాడికీ కాళ్లుంటాయన్న పాతకాలపు పట్టుదల ఒకటి వాటికి ఉండేది. ఆ పట్టుదలను నీవు ఒక్క తరంలో జయించావు.

నీ ఘనతను ముందుగా గుర్తించినవారు పన్నుల పండితులు. 2023లో జీఎస్టీ మండలి కూర్చుని నీకు మూడు మహాపురుష లక్షణాలు నిర్ణయించింది: 4 మీటర్లు దాటిన పొడవు, 1,500 సీసీ దాటిన ఇంజను, 170 మిల్లీమీటర్లకు తగ్గని గ్రౌండ్ క్లియరెన్సు. ఈ మూడూ ఉన్నవారికి 28 శాతం పన్ను మీద 22 శాతం సెస్సు కిరీటంగా పెట్టింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ రెండింటినీ కలిపి 40 శాతం చేసి నీ భక్తుల కన్నీళ్లు కొంత తుడిచింది. ఎంత నిశితమైన శాస్త్రమది! పొడవు కొలిచారు, ఇంజను కొలిచారు, నేలకూ నీ కడుపుకూ మధ్య ఖాళీని మిల్లీమీటర్లలో కొలిచారు. ముందు సీటు వీపుకూ వెనకవాడి మోకాలికీ మధ్య ఖాళీ మాత్రం ఏ కొలబద్దకూ అందలేదు. అందేంత ఉంటే కదా, కొలిచేది.

నిన్ను చూసి వచ్చిన సమీక్షక మహాశయుల వాక్కు ఇంకా మధురం. ఆరడుగుల ఆ ధీరులు కెమెరా ముందు నీ మూడో వరుసలోకి దూరి, మెడ ఒక పక్కకు వాల్చి, చిరునవ్వు చెదరకుండా చెబుతారు: ‘మూడో వరుస చిన్న పిల్లలకు, చిన్న దూరాలకు చక్కగా సరిపోతుంది.’ ఇంతటి నిండైన వాక్యాన్ని నేను ఈ మధ్య ఎక్కడా వినలేదు. పిల్లలు పెరగరు, ఊళ్లు దగ్గరికి జరుగుతాయి అనే గొప్ప ఆశావాదం అందులో ఉంది. ఒక కుటుంబం ఏడు సీట్ల బండి కోసం అప్పు చేసేది వీధి చివరి కిరాణా కొట్టుకు ముగ్గురు పసివాళ్లను తీసుకెళ్లడానికే అన్న సునిశిత పరిశీలన కూడా ఉంది. 2022 జులై 30న స్కార్పియో-ఎన్ అనే నీ వంశోద్ధారకుడికి అరగంటలో లక్ష బుకింగులు వచ్చాయి. ఒక అమ్మమ్మ నీ మూడో వరుసలోకి ఎక్కి, చీర కుచ్చెళ్లు సర్దుకుని, హమ్మయ్య అనుకునేందుకు పట్టే సమయం కూడా ఇంచుమించు అంతే.

ఆ మూడో వరుస మహిమను ఎంత పొగిడినా నా నోటికి తనివి తీరదు. అందులోకి ప్రవేశమే ఒక తీర్థయాత్ర. తిరుమల నడకదారిలో మోకాళ్ల పర్వతం దాకా వచ్చాక భక్తులు మోకాళ్లతో ఎక్కుతారు. నీవు అంత దూరం నడిపించకుండానే, అపార్టుమెంటు గేటు ముందే ఆ పుణ్యాన్ని ప్రసాదిస్తావు. మీట నొక్కగానే రెండో వరుస సీటు దొర్లి ముందుకు వాలుతుంది. ఆ సందులో ఒక కాలు పెట్టి, నడుము వంచి, తల దించి, పక్కకు తిరిగి, చేతికి ఏది దొరికితే దాన్ని పట్టుకుని లోపలికి జారాలి. అహంకారంతో తల ఎత్తినవారికి నీ కప్పు వెంటనే బుద్ధి చెబుతుంది. లోపల నేల ఎత్తు, సీటు పల్లం కాబట్టి కూర్చున్నవారి మోకాళ్లు వాటంతటవే గడ్డం దాకా వస్తాయి. తొడలకు ఆనుకోను ఏమీ ఉండదు కాబట్టి దేహం మీద మమకారం కూడా ఉండదు. తాబేలు తన అవయవాలను లోపలికి ముడుచుకున్నట్టు ఇంద్రియాలను ముడుచుకున్నవాడే స్థితప్రజ్ఞుడని గీతాచార్యుడు చెప్పిన మాట ఎందరికో ఏళ్ల తరబడి చదివినా అర్థం కాలేదు. నీ మూడో వరుసలో చౌటుప్పల్ దాటేలోపే అర్థమవుతుంది.

షోరూములో ఆ వరుసను చూపించే పద్ధతిలో కూడా నీ సేవకుల దానగుణం కనిపిస్తుంది. రెండో వరుసను పట్టాల మీద ముందుకు జరిపి, ‘చూడండి సార్, మోకాళ్లకు ఎంత చోటో!’ అంటారు. రెండో వరుసవారు తమ కాళ్లకు చోటేదని అడిగితే దాన్ని మళ్లీ వెనక్కి జరిపి, ‘చూడండి మేడమ్, కాలు మీద కాలు వేసుకోవచ్చు!’ అంటారు. రెండు మాటలూ నిజమే. రెండూ ఒకే ఘడియలో నిజం కావాలని కోరేవాళ్లు అల్పులు.

మూడో వరుసలో కిటికీ ఉంది. అది తెరుచుకోదు. తెరుచుకుంటే దుమ్ము వస్తుంది, పిల్లలు చెయ్యి బయట పెడతారు, మనసు లోకం మీదికి పోతుంది. ఆ ప్రమాదాలన్నీ తలచి అరచేతులు రెండు పక్కపక్కన పెట్టినంత గాజు ముక్కను, అదీ కూర్చున్న పిల్లవాడి కనుచూపుకు పైన బిగించావు. చల్లగాలి విషయంలో నీ సమదృష్టి మరీ గొప్పది. ముందు వరుసలో యజమానికి ఎదుటినుంచి చల్లగాలి, పక్కనుంచి చల్లగాలి, తోలు సీటుకు పొడిచిన సన్నని రంధ్రాల్లోంచి వీపుకూ పిరుదులకూ సైతం చల్లగాలి. మే నెల మధ్యాహ్నం ఆ గాలి ముందు వరుసను తృప్తిపరచి, రెండో వరుసను పలకరించి, మూడో వరుస చేరేసరికి సన్యసించి వట్టి గాలిగా మిగులుతుంది. ఊపిరాడటం లేదని ఎవరైనా అంటారేమోనని అక్కడ ఫోను ఛార్జింగుకు ఒక టైప్-సీ పోర్టు పెట్టావు. మనిషికి అందనిది ఫోనుకైనా అందాలనే నీ కరుణకు జోహారు.

ఆ ఆసనం ఎవరికి దక్కాలో నిర్ణయించడంలో నీవు మన సంప్రదాయాన్ని కాపాడుతున్న తీరు చూస్తే నా కళ్లు చెమరుస్తాయి. స్టీరింగు దగ్గర కొడుకు. పక్కన, గౌరవంగా, మామగారు. రెండో వరుసలో చేతులు ఆన్చుకునే రెండు కెప్టెన్ సీట్లు, వాటిలో అత్తగారూ పండక్కి వచ్చిన ఆడపడుచూ. ఇక మూడో వరుసలో ఇంటి కోడలు, ఆమెకు అటొకడు ఇటొకడు పిల్లలు. బండి వాయిదాల్లో సగం ఆమె జీతంలోంచే పోతుందన్న సంగతి నీకు తెలియనిది కాదు. తెలిసి కూడా ఆమెలో గర్వం తలెత్తకుండా తలెత్తనివ్వని కప్పునే అమర్చావు. ఇక ఆమె తల్లి కూడా తోడు వస్తే చెప్పాలా? వియ్యపురాలిని ముందు వరుసలో కూర్చోబెట్టే తెంపరితనం మన ఇళ్లలో ఇంకా రాలేదు. మోకాలి చిప్పల ఆపరేషను అయి ఏడాది నిండని ఆ పెద్దావిడ, ‘నాకేం పర్లేదమ్మా, నేను వెనక సర్దుకుంటాను’ అంటూ నీ సందులోంచి దూరుతుంది. ఆవిడ నోట ఆ మాట రప్పించిన ఘనత ఇన్నాళ్లూ మన ఆచారానిది. ఇప్పుడు దానికి ఉక్కు చట్రం తొడిగి, 7 సీట్లన్న పేరు పెట్టి, కుటుంబ బంధాల పండగగా ప్రకటన తీసి చూపించిన ఘనత నీది.

సంక్రాంతికి నీ విశ్వరూపం చూడాలి. పంతంగి టోల్‌గేటు దగ్గర కిలోమీటర్ల కొద్దీ బారు తీరిన రథాల్లో నీవూ ఒక రథం. వెళ్లేటప్పుడు ఏదోలా వెళ్తారు. కోనసీమ నుంచి తిరిగి వచ్చేటప్పుడే నీ అసలు పరీక్ష. అమ్మ కట్టిచ్చిన బియ్యం బస్తా, కొబ్బరికాయలు, ఆత్రేయపురం పూతరేకుల డబ్బాలు, ఊరగాయ జాడీ. మూడో వరుస నిలబెట్టిన నాడు నీ డిక్కీలో రెండు చేతి సంచులు నిలువునా పడతాయి, అంతే. మిగిలినదంతా మూడో వరుసవారి ఒళ్లోకి, కాళ్ల కిందికి, పక్కలకు చేరుతుంది. మనిషికీ సామానుకూ భేదం చూడని అద్వైతం నీది. తల వెనక జానెడు దూరంలో వెనక అద్దం, అద్దానికి అవతల తరుముకొచ్చే లారీ. ఆ లారీ డ్రైవరు నుదుటి మీది కుంకుమ బొట్టు కూడా స్పష్టంగా కనిపించేంత సాన్నిహిత్యం మరే రథంలో దొరుకుతుంది?

నీ నుదుటి మీద మెరిసే 5 నక్షత్రాలకు శతకోటి వందనాలు. 2023 అక్టోబరు 1 నుంచి మన దేశానికీ భారత్ ఎన్‌క్యాప్ అనే పరీక్ష వచ్చింది. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో నిన్ను ఎదుట అడ్డంకికి గుద్దిస్తారు, 50 కిలోమీటర్ల వేగంతో పక్కనుంచి నిన్ను గుద్దుతారు. ముందు సీట్లలో ఇద్దరు పెద్దల బొమ్మలు, వారి వెనక ఏడాదిన్నర పిల్లదీ మూడేళ్ల పిల్లదీ రెండు చిన్న బొమ్మలు. వాటికి తగిలిన దెబ్బలను లెక్కగట్టి నక్షత్రాలు ప్రసాదిస్తారు. నీవు గెలిచావు, బొమ్మలు బతికాయి, మేమంతా ఆనందించాం. నీ మూడో వరుసలో మాత్రం ఏ బొమ్మనూ కూర్చోబెట్టరు. ప్రాణం లేనివాటి మీద కూడా ఇంత దయ చూపే లోకంలో మనం ఉన్నామంటే గర్వంగా లేదూ? నీ జాతిలో కొన్నిటికి కిటికీల మీదుగా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగు రెండో వరుస దాకా వచ్చి మర్యాదగా ఆగిపోతుంది, మూడో వరుసవారి ఏకాంతానికి భంగం కలిగించదు. అక్కడి బెల్టు కొక్కేన్ని సీటు సందులో గుప్తనిధిలా దాచిపెట్టావు కాబట్టి దాన్ని వెతకాలన్న దురాశ కూడా ఎవరికీ పుట్టదు. 2022లో మన దేశపు రోడ్ల మీద సీటు బెల్టు పెట్టుకోకుండా ప్రాణాలు పోగొట్టుకున్నవారు 16,715 మంది అనీ, వారిలో 8,331 మంది డ్రైవర్లు కాదు, ప్రయాణికులనీ కేంద్ర రవాణా శాఖ లెక్క తేల్చింది. అలాంటి శుష్కమైన అంకెలు నీ షోరూము గోడల అందాన్ని చెడగొట్టకుండా నీ సేవకులు ఎంత శ్రద్ధ తీసుకుంటారో చెప్పలేను.

బానెట్టు గురించి రెండు మాటలు చెప్పకపోతే పాపం చుట్టుకుంటుంది. కోటగోడ లాంటి ఆ బానెట్టు వెనక కూర్చున్నవాడికి దూరాన ఉన్న హోర్డింగులు కనిపిస్తాయి, కొండలు కనిపిస్తాయి, ఎదుటి కారు నడిపేవాడి బట్టతల కూడా కనిపిస్తుంది. బండి ముందు బంతి కోసం వంగిన పసివాడు కనిపించడు. అల్పమైనవాటి మీద దృష్టి నిలపనివాడే మహాత్ముడు కదా! అమెరికాలో బీమా కంపెనీలు నడిపే రహదారి భద్రతా సంస్థ ఒకటి 2023లో సుమారు 18,000 ప్రమాదాలను పరిశీలించి, బానెట్టు అంచు 40 అంగుళాలు దాటిన బండ్లకు, 30 అంగుళాల లోపు ఉండి ఏటవాలుగా దిగే బానెట్టున్న కార్లకన్నా, పాదచారులను గుద్దినప్పుడు ప్రాణం తీసే అవకాశం 45 శాతం దాకా ఎక్కువని తేల్చింది. కారు ఎత్తు తక్కువైతే దెబ్బ కాళ్లకు తగులుతుంది, ఎత్తయితే ఛాతీకీ తలకూ తగులుతుంది. ఫుట్‌పాతులన్నీ మిర్చి బజ్జీ బండ్లకూ ట్రాన్స్‌ఫార్మర్లకూ అప్పగించి జనమంతా రోడ్డు మీదే నడిచే మన ఊళ్లలో నీకు ఇంత నిటారైన రొమ్మును ప్రసాదించినవారి దూరదృష్టికి సాష్టాంగ నమస్కారం. 2022లోనే 32,825 మంది పాదచారులు మన రోడ్ల మీద రాలిపోయారు. నడిచే జనానికి అసలే బతుకు మీద భ్రాంతి ఎక్కువ. ఆ భ్రాంతి పోగొట్టే గురువు నీవు.

తక్కిన గుణగణాలను కట్టె, కొట్టె, తెచ్చెగా ముగిస్తాను, ఎందుకంటే వాటిని నీ ప్రకటనలే నాకన్నా బాగా కీర్తిస్తున్నాయి. నీ కప్పు నిండా పరచిన అద్దాల సన్‌రూఫ్ రెంటచింతల ఎండను కూడా నేరుగా నెత్తిన పోస్తుంది. పిల్లలు అందులోంచి మొలకల్లా లేచి నిలబడతారు, తండ్రి వీడియో తీస్తాడు, సంక్రాంతి రోజుల్లో చైనా మాంజా దారం ఎటునుంచి తెగి వస్తుందోనన్న బెంగ ఆ వీడియోలో పడదు. ఒక చెంప నుంచి మరో చెంప దాకా సాగిన మూడు తెరలకు ఏసీ చలువ తగ్గించే పనిని కూడా అప్పగించావు కాబట్టి, గంటకు వంద కిలోమీటర్ల వేగంలో డ్రైవరు రోడ్డు అనే నీరసమైన దృశ్యాన్ని కాసేపు మరిచి నీ తెరలనే ధ్యానించగలుగుతాడు. రాంగ్ రూట్‌లో వచ్చే ఆటోనూ, డివైడరు మీద నెమరు వేసే గేదెనూ, గీతల్లేని రోడ్డునూ చూసి, డ్రైవరుకు తోడుగా ఉండాల్సిన నీ అడాస్ విద్య అదిరి పడి కుయ్యో మొర్రో అంటుంది. ఇంతటి సుకుమారిని ఈ దేశానికి తెచ్చినవారు ధన్యులు. ఇక నీ డీజిల్ ఇంజను! స్కూలుకు రెండు కిలోమీటర్లు, కూరగాయలకు ఒక కిలోమీటరు తిరిగే ఇంటికి నిన్ను అమ్ముతారు. పొగ గొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ జల్లెడ నిండగానే దీపం వెలిగించి, ‘నన్ను వేగంగా కాసేపు తిప్పుకురండి’ అని ఆజ్ఞాపిస్తావు. ఆదివారం పొద్దున్నే 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు మీద, పనేమీ లేకుండా, నీ గొంతులో మసి కాల్చడానికే నిన్ను వాహ్యాళికి తీసుకెళ్లే భక్తులను చూస్తే ఎవరు ఎవరికి వాహనమో తేల్చుకోవడం కష్టం.

కూకట్‌పల్లి అపార్టుమెంటు సెల్లారులో నీ ఆగమనం ఊరేగింపు కన్నా తక్కువేమీ కాదు. ఒకప్పటి చిన్న కార్లను తలచుకుని రెండు స్తంభాల మధ్య గీసిన గళ్లలోకి నీవు దిగేముందు కుటుంబమంతా గేటు దగ్గరే దిగిపోవాలి, తర్వాత తలుపులు తెరుచుకోవు. వాచ్‌మన్ ‘రానీ, రానీ, ఆపూ’ అని మంగళ వాద్యం పలుకుతాడు. పక్కింటాయన తన కారులోకి డిక్కీ తలుపు గుండా ఎక్కడం నేర్చుకుంటాడు. దిగినవాళ్లలో అందరికన్నా చివర దిగేది మూడో వరుసవారే కాబట్టి, పెద్దావిడ మోకాళ్లు చాపుకునేలోపు లిఫ్టు ఒకసారి పైకి వెళ్లి మళ్లీ వస్తుంది.

మహారథమా! ఇన్ని స్తోత్రాల తర్వాత ఒక వరం కోరుకోవడం భక్తుడికి న్యాయం. ఇంతటి సౌభాగ్యం డబ్బు కట్టినవారి కుటుంబాలకే దక్కడం నా మనసుకు ఒప్పడం లేదు. నీ కొలతలు గీసిన స్థపతులు, వాటికి ముద్ర వేసిన సంచాలకులు, ‘చిన్న పిల్లలకు, చిన్న దూరాలకు’ అని పలికిన సమీక్షక శిఖామణులు, నీ ప్రకటనలో తాతామనవళ్లను నవ్వించిన దర్శకులు, వీరిలో ఎవరికీ ఆ మూడో వరుసలో ఒక పూట గడిపే పుణ్యం దక్కినట్టు లేదు. కనుక రాబోయే భోగి ముందు రోజు మధ్యాహ్నం వీరందరినీ తమ తమ తల్లులతో సహా అందులో కూర్చోబెట్టి, రెండో వరుసను పూర్తిగా వెనక్కి జరిపి, ఒళ్లో ఒక్కొక్క ఊరగాయ జాడీ పెట్టి, హైదరాబాదు నుంచి రాజమండ్రి దాకా, పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్ల మీదుగా, ఎక్కడా దింపకుండా తీసుకెళ్లు. ఆ తల్లుల్లో ఎవరైనా ‘నాకేం పర్లేదు’ అంటే దయచేసి నమ్మకు.